బీరువాలో ఫిల్మ్ కెమెరా దొరికిందా? అమ్మే ముందు ఇది చదవండి

నెలకి ఒకరైనా ఫోటో పంపి అడుగుతుంటారు, "అన్నా, ఇది మా తాతగారి కెమెరా, యాంటిక్ పీసు, ఎంతొస్తుంది?" అని. తెరిచి చూస్తే ఎక్కువసార్లు యాషికా ఎంఎఫ్-2, లేదంటే హాట్‌షాట్, ఇంకాస్త వెనకటి కాలంవాళ్లయితే ఆగ్ఫా క్లిక్ 3. మొహమాటపడకుండా చెప్పేస్తాను: పెద్దగా ఏమీ రాదు. ఒకప్పుడు వీధికి రెండిళ్లలో ఉన్న వస్తువులు అవి, పాతబడ్డంత మాత్రాన అరుదైపోవు. "మరి నెట్‌లో ఇదే కెమెరాకి యాభై వేలు పెట్టాడు కదా" అంటారు. పెట్టడానికేముంది, ఐదు లక్షలు కూడా పెట్టొచ్చు. ఆ ప్రకటన కిందటేడూ అక్కడే ఉంది, వచ్చే ఏడూ అక్కడే ఉంటుంది. ఎవరెంత అడుగుతున్నారో కాదు, ఎంతకి చేతులు మారిందో చూడాలి. ఈబేలో అమ్ముడైపోయినవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంటుంది, అది నొక్కి చూడండి. సగం ఆశ అక్కడే పోతుంది, పోవడమే మంచిది.

నా దగ్గరున్నది మా మావయ్యది. రాజోలు నుంచి కువైట్ వెళ్లిన ఆయన 1984లో సెలవుకి వచ్చినప్పుడు ఒక నేషనల్ టేప్‌రికార్డరూ, రెండు దుప్పట్లూ, ఒక యాషికా ఎఫ్ఎక్స్-3 తెచ్చారు. అత్తయ్య ఆ కెమెరాని టర్కీ తువాలులో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసేది, పెళ్లిళ్లకి తప్ప బయటికి తీసేది కాదు. 2009లో నేను దాన్ని కోఠీలో ఒక కొట్టుకి పట్టుకెళితే కౌంటర్లో ఉన్నతను కంటికి పెట్టుకుని కూడా చూడలేదు, "ఐదొందలు, అదీ లెన్సు కోసం" అన్నాడు. ఎందుకో ఇవ్వబుద్ధి కాలేదు. అతని తప్పేం లేదు, స్టూడియోలవాళ్లంతా డిజిటల్‌కి మారిపోయి పాత ఫిల్మ్ కెమెరాలు ఎవరికిద్దామా అని చూస్తున్న రోజులవి. ఆ ఏడాదే కొడాక్ తన కొడాక్రోమ్ ఫిల్మ్‌ని ఆపేసింది, 2012 జనవరిలో ఆ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. ఊటీలో "ఇందు" పేరుతో ఫిల్మ్ తయారుచేసిన మన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కూడా మూతపడింది. కానన్ ఈఓఎస్-1వీ ఫిల్మ్ కెమెరా అమ్మకాలు 2018లో ఆగితే, నికాన్ ఎఫ్6 కథ 2020లో ముగిసింది.

ఇంతలోనే గాలి కొంచెం తిరిగింది కూడా. లైకా 2022లో తన పాత ఎం6ని మళ్లీ బయటికి తెచ్చింది, పెంటాక్స్ 2024లో 17 అనే సరికొత్త ఫిల్మ్ కెమెరాని దించింది. ఈ వార్తలు చూసి ప్రతి పాత కెమెరాకీ రెక్కలొచ్చాయనుకుంటున్నారు జనం. రెక్కలొచ్చింది గుప్పెడు మోడళ్లకే. లైకా, రోలైఫ్లెక్స్, హాసెల్‌బ్లాడ్, నికాన్ ఎఫ్ఎం2, నికాన్ ఎఫ్3, ఒలింపస్ మ్యూ 2, కాంటాక్స్ టీ2, ఇలాంటివి మీ బీరువాలో ఉంటే తొందరపడకండి, కనీసం ముగ్గురికి చూపించి గానీ బేరం తెగ్గొట్టకండి. వీటిలో కాంటాక్స్ టీ2 సంగతి తమాషా. జేబులో పట్టే ఆటోమేటిక్ కెమెరా అది. 2017లో మోడల్ కెండాల్ జెన్నర్ ఒక అమెరికన్ టీవీ షోకి పట్టుకెళ్లాక కుర్రకారు ఎగబడ్డారు, రేటు ఎక్కడికో పోయింది. మీ దగ్గరుంటే హాయిగా అమ్ముకోండి. కొనాలనుకుంటే మాత్రం వద్దంటాను, లోపల సర్క్యూటు చచ్చిపోతే బాగుచేసేవాడు దొరకడు, మీకు మిగిలేది పేపర్ వెయిట్.

ఇక మధ్య రకం కెమెరాలు. పెంటాక్స్ కే1000, మా యాషికా ఎఫ్ఎక్స్-3, నికాన్ ఎఫ్ఎం10, రష్యా జెనిత్, ఇలా చేత్తో తిప్పి చేత్తో ఫోకస్ చేసేవి. కే1000 ఒక్కటే 1976 నుంచి 1997 దాకా ముప్ఫై లక్షలకి పైగా తయారైంది, కాబట్టి అరుదు అన్న మాట మర్చిపోండి. కానీ నేర్చుకునేవాళ్లు వీటిని అడుగుతూనే ఉంటారు, బాగా పనిచేసే పీసుకి నాలుగు వేళ్లూ నోట్లోకి పోయేంత ధర ఎప్పుడూ ఉంటుంది. ఒక్కోసారి బాడీ (లెన్సు తీసేసిన కెమెరా) కంటే లెన్సుకే విలువ. ఎఫ్ఎక్స్-3కి కాంటాక్స్ వాళ్ల మౌంటే (లెన్సు బిగించే గాడి) ఉంటుంది కాబట్టి దాని లెన్సులు చిన్న అడాప్టర్‌తో ఈనాటి మిర్రర్‌లెస్ కెమెరాలకి కూడా తగులుతాయి.

మీ దగ్గర పాతది ఏదీ లేదు, కొత్తగా మొదలుపెట్టాలి అనుకుంటే మాత్రం నా ఓటు ఎవరికీ పట్టని వాటికి: 1990ల చివర, 2000ల మొదట్లో వచ్చిన ప్లాస్టిక్ ఆటోఫోకస్ ఎస్ఎల్ఆర్‌లు, అంటే లెన్సులోంచే చూసి ఫోటో తీసే కెమెరాలు. నికాన్ ఎఫ్65, ఎఫ్75, ఎఫ్80, కానన్ ఈఓఎస్ 300 లాంటివి. చూడ్డానికి డిజిటల్ కెమెరాలాగే ఉంటాయి, ఇన్‌స్టాలో పట్టుకుని ఫోటో దిగడానికి పనికిరావు, అందుకే చవక. మీటరింగూ (వెలుతురు కొలవడం) ఫోకసూ మాత్రం మా మావయ్య కెమెరా కంటే ఎన్నో రెట్లు నయం, పైగా మీ డీఎస్ఎల్ఆర్ లెన్సులు చాలావరకు వాటికే పెట్టేసుకోవచ్చు. ఒక మెలిక ఉంది: చిన్న సెన్సరున్న డిజిటల్ కెమెరాల కోసం చేసిన లెన్సుల్లో కానన్ ఈఎఫ్-ఎస్ రకం ఫిల్మ్ బాడీకి అసలు ఎక్కవు, నికాన్ డీఎక్స్ రకం ఎక్కుతాయి గానీ మూలలు నల్లబడతాయి.

అసలు ఖర్చు కెమెరాది కాదని ఇక్కడే చెప్పాలి. కెమెరా చవగ్గానే దొరుకుతుంది, రీలు ధర మాత్రం పెరిగిపోయింది. పోయిన నెల నేను కొన్న కలర్ రీలు వెయ్యి రూపాయలైంది, కడిగి స్కాన్ చేసి పంపినందుకు కొరియర్‌తో కలిపి ఇంకో ఆరొందలు. 36 ఫోటోలకి పంచితే ఒక్కో క్లిక్కుకి దాదాపు 45 రూపాయలు. ఈ లెక్క ఇంట్లో చెప్పకండి. చేతిలో రెండు రీళ్ల డబ్బు లేకుండా కెమెరా మాత్రం కొంటే అది మళ్లీ బీరువాలోకే పోతుంది, చాలామంది దగ్గర చూశాను.

సరే, కెమెరా చేతిలో ఉంది. రీలు కొనే ముందు ఒక పావుగంట దాన్ని పరీక్ష చెయ్యాలి. మొదట అడుగున సెల్లు మూత తీయండి. పాత సెల్లు లోపలే ఉండిపోయి పచ్చటి బూజులా కారి ఉంటే కంగారు పడకండి, ఇయర్ బడ్‌ని కొంచెం వెనిగర్‌లో ముంచి రుద్ది, పొడి బడ్‌తో తుడిస్తే చాలాసార్లు పోతుంది. చాలా వాటికి సరిపోయేది ఎల్ఆర్44, గడియారాల కొట్టులో దొరికే గుండీ సెల్లు. ఎఫ్ఎక్స్-3కి రెండు పడతాయి, అవి లేకపోయినా షట్టర్ (ఫిల్మ్ మీదకి వెలుతురు వదిలే తెర) పనిచేస్తుంది, మీటర్ మాత్రమే వెలగదు. కానన్ ఏఈ-1 అలా కాదు, దాని ఆరు వోల్టుల సెల్లు లేకపోతే షట్టర్ పడనే పడదు. చాలామంది దాన్ని చెడిపోయిందనుకుని చవగ్గా ఇచ్చేస్తారు. అంటే సంతలో అలాంటిది కనబడితే జేబులో ఒక సెల్లు ఉండటం మంచిదని అర్థం చేసుకోండి.

తర్వాత వెనక తలుపు తీసి, లెన్సుని వెలుతురు వైపు తిప్పి, ఫిల్మ్ జరిపే లీవర్ లాగి ఒక్కో షట్టర్ స్పీడులో నొక్కుతూ వెనక నుంచి చూడండి. 1/1000 సెకనులో కన్ను కొట్టినట్టు ఒక మెరుపు కనబడాలి, ఒక సెకను పెడితే నిజంగా ఒక సెకను తెరుచుకుని ఉండాలి. పాత కెమెరాల్లో నూనె గట్టిపడి, ముందు దెబ్బతినేవి ఈ నిదానం స్పీడులే. ఒకటి రెండు ఈడుస్తున్నా పగటిపూట తీసేవాళ్లకి ఇబ్బంది లేదు. లీవర్ ఎక్కడైనా పట్టేస్తే మాత్రం బలవంతం చెయ్యకండి, లోపల విరిగిందంటే అయిపోయినట్టే. షట్టర్ మీద వేలు పెట్టకండి. లెన్సు తీస్తే లోపల కనబడే అద్దం మీద దుమ్ముంటే ఉండనివ్వండి, అది ఫోటోలో పడదు, తుడిస్తే గీతలు పడతాయి. తలుపు అంచుల్లో నల్ల స్పాంజి ఉంటుంది చూశారా, నలభై ఏళ్లకి అది తారులా జిగురైపోతుంది, అక్కడ్నుంచి వెలుతురు దూరుతుంది. స్పిరిట్‌తో గీకి తీసేసి ఆ గాడిలో నల్ల ఊలు దారం అతికిస్తే సరి, మా అత్తయ్య స్వెటర్ అల్లగా మిగిలిన ఉండలోంచి కొంచెం కత్తిరించాను. ఎఫ్ఎక్స్-3కి మరో జబ్బుంది, పైతొక్క చేతికి నల్లగా రాలుతుంది. అది అందం సమస్య, పనికి అడ్డం రాదు.

లెన్సు విషయంలో మనవాళ్లకి, ముఖ్యంగా కోస్తావాళ్లకి, అసలు శత్రువు ఫంగస్. ఎపర్చర్‌ని (లెన్సులో వెలుతురు దూరే రంధ్రాన్ని) పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ కొట్టి, కొంచెం పక్క నుంచి లోపలికి చూడండి. సాలెగూడులా, చెట్టు వేళ్లలా పాకిన తెల్లటి పోగులు కనబడితే అదే. దుమ్ము అన్ని లెన్సులకీ ఉంటుంది, పట్టించుకోవద్దు. అంచున చిటికెడు ఫంగస్ ఉన్నా ఫోటోలో తెలియదు, మధ్యలో గానీ వెనక గాజు మీద గానీ దట్టంగా ఉంటే ఫోటో అంతా పాలు కలిపినట్టు తేలిపోతుంది. లెన్సు విప్పి తుడిచే మెకానిక్కులు ఇంకా ఉన్నారు, కాకపోతే ఫంగస్ అప్పటికే పూతని తినేసి ఉంటే ఆ మచ్చ పోదు. తోలు కేసు అందంగా ఉంది కదా అని అందులోనే ఉంచకండి, తేమంతా పట్టి ఉంచేది అదే. అత్తయ్య తువాలు చేసిన పనీ అదే, పాపం మంచికే చుట్టింది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలేసి పెట్టండి, చాలు.

ఇప్పుడు రీలు ఎక్కించడం. ఇది ఎవరో పక్కన కూర్చుని చూపించాల్సిన పని, కానీ ప్రయత్నిస్తాను. ఎండలో కాకుండా నీడలో కూర్చోండి. ఎడమవైపు పైన ఉండే రీవైండ్ పిడిని (ఫిల్మ్‌ని వెనక్కి చుట్టేది) పైకి లాగితే తలుపు తెరుచుకుంటుంది. రీలుని ఎడమవైపు గదిలో పెట్టి పిడిని కిందికి నొక్కండి. నాలుకలా బయటికి వచ్చిన ఫిల్మ్ కొసని కుడివైపు స్పూల్ చీలికలో దూర్చి, లీవర్‌ని మెల్లిగా ఒకసారి లాగండి. ఫిల్మ్ రెండు అంచుల్లో ఉన్న కన్నాలు పైనా కిందా పళ్లలో కూర్చున్నాయని కంటితో చూశాకే తలుపు మూయండి. ఇక్కడితో అయిపోలేదు. రీవైండ్ పిడికి ఉన్న చిన్న మడత చేతిని విప్పి, బాణం గుర్తు వైపు అతి నెమ్మదిగా, వేలికి బిగువు తగిలేదాకా తిప్పండి. ఇప్పుడు లీవర్ లాగుతుంటే ఆ పిడి తనంతట తాను ఎదురు దిక్కుకి తిరగాలి. తిరిగితే ఫిల్మ్ నడుస్తోంది. తిరగకపోతే మీరు గాలిని ఫోటో తీస్తున్నారు.

ఈ ఒక్క ముక్క నాకు ఎలా తెలిసిందంటే, 2015లో మా పిన్ని కూతురి ఓణీల ఫంక్షన్‌కి పెద్ద ఫోజు కొడుతూ ఈ కెమెరాతో వెళ్లాను. అందర్నీ నిలబెట్టాను, కూర్చోబెట్టాను, తాతయ్యని రెండుసార్లు కుర్చీ మార్పించాను. కౌంటర్ 36 దాటింది. ఎక్కించేటప్పుడు కాస్త పొదుపు చేస్తే 37 రావడం మామూలే, 38 కూడా చూశాను. 40 దాటేసరికి పొట్టలో తిప్పింది. కౌంటర్‌దేముంది, ఫిల్మ్ కదిలినా కదలకపోయినా లీవర్ లాగితే అంకె మారుతుంది. ఆ రాత్రి తలుపు తీస్తే ఫిల్మ్ కొస చీలికలోంచి జారిపోయి, ఎక్కించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, ఒక్క ఫ్రేము కూడా పడలేదు. పిన్ని ఇప్పటికీ ఎవరైనా కెమెరా తీస్తే "రీలు తిరుగుతోందా నాన్నా?" అని నావైపు చూస్తుంది.

ఐఎస్ఓ డయల్‌ని రీలు మీద అంకెకి తిప్పడం మర్చిపోకండి, ఆ ఫిల్మ్ వెలుతురుకి ఎంత చురుకో చెప్పే అంకె అది. ఎఫ్ఎక్స్-3లో బటన్ సగం నొక్కితే లోపల కూడిక, సున్నా, తీసివేత గుర్తులు వెలుగుతాయి, పచ్చ సున్నా వచ్చేదాకా ఎపర్చర్ తిప్పుకోవడమే. మీటర్ చచ్చిపోయినా ఏం ఫరవాలేదు. మన ఎండకి ఒక పాత లెక్కుంది: కళ్లు చిట్లించాల్సినంత ఎండలో ఎపర్చర్ 16 పెట్టి, షట్టర్ స్పీడు ఫిల్మ్ ఐఎస్ఓకి దగ్గర్లో పెట్టడం. 200 ఫిల్మ్ అయితే 1/250. పల్చటి మబ్బుంటే 11, బాగా మబ్బుంటే 8, ముసురు పట్టి ఉంటే 5.6, ఎండ పడని పందిరి కింద 4. అనుమానం వస్తే కొంచెం ఎక్కువ వెలుతురే ఇవ్వండి. డిజిటల్ అలవాటున్నవాళ్లకి ఇది తిరకాసుగా ఉంటుంది, కలర్ నెగెటివ్ ఎక్కువైన వెలుతురుని ఓర్చుకుంటుంది, తక్కువైతే మాత్రం నీడలన్నీ బురదలా వస్తాయి. ఎవరైనా గడువు దాటిన రీలు ఇస్తే పదేళ్లకి ఒక స్టాప్ (అంటే రెట్టింపు) చొప్పున ఎక్కువ వెలుతురివ్వమని ఒక మొరటు లెక్క ఉంది, దాన్ని నమ్ముకుని పెళ్లికి మాత్రం వెళ్లకండి. రీళ్లు ఫ్రిజ్‌లో దాచుకోవచ్చు, వాడే ముందు కొన్ని గంటలు డబ్బా తెరవకుండా బయట పెట్టండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. విమానం ఎక్కేటప్పుడు లగేజీలో వెయ్యొద్దు, చేతి సంచిలో పెట్టుకుని చేత్తో తనిఖీ చెయ్యమని మర్యాదగా అడగండి. కొత్త సీటీ స్కానర్లు ఫిల్మ్‌ని పాడుచేస్తాయి.

రీలు అయిపోగానే తలుపు తీయకండి, తీశారంటే అంతా ఎక్స్‌పోజ్ అయిపోతుంది. అడుగున చిన్న బటన్ నొక్కి, పిడిని బాణం వైపు తిప్పుతూ ఉండండి. చివర్లో ఒక్కసారిగా చెయ్యి తేలికవుతుంది, అప్పుడు ఇంకో రెండు చుట్లు తిప్పి తీయండి.

కడిగించడానికి ఒకప్పుడు వీధి చివర ల్యాబ్ ఉండేది, ఇప్పుడు హైదరాబాదో బెంగళూరో ముంబయో కొరియర్ చెయ్యాలి. కలర్ నెగెటివ్‌కి వాడే పద్ధతి పేరు సీ-41, బ్లాక్ అండ్ వైట్‌ది వేరు, పంపేటప్పుడు కవరు మీద రాయండి. సినిమా రీలుని ముక్కలు చేసి చుట్టి అమ్మేవి చవగ్గా దొరుకుతాయి. వాటిలో కొన్నిటికి వెనక నల్లటి పూత ఉంటుంది, అది మామూలు సీ-41 మెషిన్లో పడితే ల్యాబ్‌వాడి మందులన్నీ పాడవుతాయి, ముందే చెప్పకపోతే తిట్లు ఖాయం. బ్లాక్ అండ్ వైట్ అయితే ఇంట్లోనే కడుక్కోవచ్చు. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5ని అదనంగా నీళ్లు కలపని డీ-76 అనే డెవలపర్ ద్రావణంలో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. చిక్కల్లా ఆ 20 డిగ్రీలతోనే, మేలో మా కుళాయి నీళ్లు చెయ్యి పెడితే కాలతాయి. ట్యాంకుని ఐసు ముక్కలేసిన బకెట్లో పెట్టి థర్మామీటర్ చూస్తూ కూర్చుంటాను.

ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు ఒక మాట గట్టిగా చెప్పండి: నెగెటివ్‌లు వెనక్కి కావాలి. స్కాన్‌లు మెయిల్ చేసి నెగెటివ్‌లు పారేసేవాళ్లున్నారు. అవి వచ్చాక కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి, కెమెరా ఆరోగ్యం అంతా అందులోనే ఉంటుంది. ఫ్రేములన్నీ పల్చగా, గాజులా ఉంటే వెలుతురు చాలలేదు, మీటర్ తప్పు చెబుతోందేమో చూసుకోండి. అంచు నుంచి లోపలికి నల్లటి పొగలు పాకి ఉంటే స్పాంజి పోయింది. ఒక ఫ్రేము మీదకి ఇంకోటి ఎక్కి ఉంటే లీవర్ లోపల పళ్లు అరిగాయి. మొత్తం ఖాళీగా వచ్చిందనుకోండి, అప్పుడు అంచున కంపెనీ పేరు, ఫ్రేము అంకెలు ఉన్నాయా లేదా చూడండి. అవి కనబడుతుంటే కడిగినవాడి తప్పు కాదు, మీ ఫిల్మ్ తిరగలేదు లేదా షట్టర్ తెరుచుకోలేదు. అవి కూడా లేకపోతే కడగడంలోనే తేడా జరిగింది. ల్యాబ్‌తో గొడవ పెట్టుకునే ముందు ఇది చూసుకుంటే పరువు దక్కుతుంది, నేను ఒకసారి చూసుకోలేదు.

మావయ్య తీసిన పాత రీళ్ల నెగెటివ్‌లు అత్తయ్య స్టూడియోవాళ్లిచ్చిన కవర్లలోనే ఉంచింది. పోయిన సంక్రాంతికి స్కాన్ చేస్తే రంగులు ఎర్రబడ్డాయి గానీ, మావయ్య వెనక గోడ మీద వేలాడుతున్న క్యాలెండర్‌లో నెల పేరు కూడా చదవగలిగాం. మీరూ నెగెటివ్‌లు బీరువాలో పెడితే నాఫ్తలీన్ ఉండలకి దూరంగా పెట్టండి.